టోస్కా పాడిన మర్నాడు పై స్వరాలు మెత్తగా పలకడం లేదు, పాత్ర మానేయాలా?

నాకు 32 ఏళ్లు, ఒపెరాలో లిరిక్ టెనర్‌ని (మృదువైన, పై స్థాయి మగ గొంతు). లండన్‌లో నేర్చుకుంటున్నాను. ఇన్నాళ్లూ డోనిజెట్టి ఒపెరాలోని నెమోరినో, మోట్సార్ట్ ఒపెరాల్లోని పాత్రలే పాడాను, అవి తేలికైనవి. ఈ మధ్య పుచ్చీని ఒపెరా టోస్కాలో కవరదోస్సీ అనే బరువైన పాత్ర సాధన మొదలుపెట్టాను. అప్పట్నుంచీ ఇదే ఇబ్బంది.

పాడేటప్పుడు ఏమీ తెలియదు. అందులోని రెకోండిటా ఆర్మోనియా అనే ఆరియా (పాట)లో పై బి ఫ్లాట్ స్వరం కూడా గట్టిగానే వస్తుంది. మర్నాడు పొద్దున మాత్రం ఎఫ్ షార్ప్, జి దగ్గర మెత్తగా మొదలుపెడితే ముందు గాలి వస్తుంది, స్వరం ఆలస్యంగా అందుకుంటుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు బాగానే ఉంటుంది. నెమోరినోకి తిరిగి వెళ్తే రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

ఈఎన్‌టీ డాక్టరు స్ట్రోబోస్కోపీ (స్వరతంతువుల కదలిక చూసే పరీక్ష) చేసి గడ్డలు, వాపు లేవన్నారు. వారం పాటు గొంతుకు విశ్రాంతి ఇచ్చాను, రోజూ స్ట్రాలోంచి స్వరం పలికే సాధన చేశాను, ఆరియాని అర స్వరం తగ్గించీ పాడాను. టోస్కా మళ్లీ పట్టుకోగానే కథ మొదటికొచ్చింది. మా గురువుగారు గొంతు అలవాటు పడుతుందంటారు, పియానో కోచ్ ఇంకో ఐదేళ్లు ఆగమంటారు.

నాకు ఆదర్శం స్పానిష్ టెనర్ ఆల్ఫ్రెడో క్రౌస్. 1956లో కైరోలో రిగొలెట్టో ఒపెరాలో డ్యూక్‌గా రంగస్థలంపై అడుగుపెట్టి, తర్వాత బరువైన పాత్రల జోలికి పోకుండా అరవై దాటాక కూడా వేర్తర్ పాత్ర పాడారాయన. నాకూ అంతకాలం పాడాలని ఉంది.

ఇలాంటి దశ దాటిన గాయకులు, నేర్పేవాళ్లు చెప్పండి: ఇది టెక్నిక్‌తో సరిదిద్దుకోగలిగే లోపమా, పాత్ర నా గొంతుకు మించిన బరువా అన్నది మీరెలా తేల్చుకున్నారు?