శంకర్ నత్త కార్టూన్: నెహ్రూ కొరడా ఎవరి మీదికి?

నల్లసిరా: తెలియనివాళ్ళ కోసం ముందు బొమ్మ సంగతి. 1949 ఆగస్టు 28న కార్టూనిస్టు శంకర్ గీసింది. నత్త మీద ‘రాజ్యాంగం’ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. దాని మీద అంబేద్కర్ కొరడా పట్టుకుని కూర్చుంటారు. వెనక నెహ్రూ నిలబడి ఉంటారు, ఆయన చేతిలోనూ కొరడాయే. నేపథ్యంలో జనం. 2006లో ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలో వేశారు. 2012 మేలో పార్లమెంటులో దుమారం రేగడంతో తొలగిస్తామని కేంద్రం ప్రకటించింది. పుస్తక సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు.

నా వాదన ఇది: రెండు కొరడాలూ నత్త కోసమే, నెహ్రూది అంబేద్కర్ మీదికి కాదు. ‘రాజ్యాంగం’ అన్న చీటీ అతికించింది నత్తకి, కాబట్టి వెక్కిరింత కూడా దానికే, అంటే రాజ్యాంగ రచనలో ఆలస్యానికే. సవారీ చేస్తున్న మనిషి చేతిలో కొరడా పెట్టాడంటే, ఆయనా తొందరపెడుతున్నాడనే కదా.

గీతలవాడు: చీటీ దగ్గరే ఆగిపోతే ఎలాగండీ? రాజకీయ కార్టూన్‌లో చీటీ వస్తువు పేరు మాత్రం చెబుతుంది. ఎవరు పైన, ఎవరు కింద అనేది చెప్పేది మనుషుల్ని నిలబెట్టిన తీరు. నెహ్రూ పక్కన లేరు, వెనక ఉన్నారు. వెనకనుంచి లేచిన కొరడాకి, నత్తకి మధ్య అడ్డంగా ఉన్నది అంబేద్కర్ వీపు. నెహ్రూని నత్త ముందు నిలబెట్టి కళ్ళెం లాగిస్తే ఇద్దరూ కలిసి పనిచేస్తున్నట్టు కనిపించేది. కొరడా నత్తకే అనిపించాలంటే నత్త తోక దగ్గర కొనని వంచి చూపితే సరిపోయేది. ఇంత చిన్న మార్పుతో పోయే అనుమానాన్ని వదిలేశారంటే, చూసేవాళ్ళు రెండో అర్థం తీసుకోవడం వాళ్ళ తప్పు కాదు.

నల్లసిరా: వీపు అడ్డమున్నంత మాత్రాన గురి వీపే అనలేం. బండి తోలేవాడి వెనక నిలబడి ఎద్దుని అదిలించడం లేదా?

పౌరశాస్త్రం: ఆ పోలిక ఇక్కడ నిలవదు. ఈ దేశంలో దళితుడి వెనక కొరడా ఎత్తిన అగ్రవర్ణ మనిషి బొమ్మకి వందల ఏళ్ళ అర్థం ఉంది. గీసినవాడి మనసులో అది లేకపోవచ్చు. కానీ ప్రతీక అర్థాన్ని గీసినవాడొక్కడే నిర్ణయించలేడు.

నాకు దీనికంటే పెద్ద అభ్యంతరం ఇంకొకటుంది. ఆలస్యం మొత్తాన్ని అంబేద్కర్ ఒక్కడి మీదే పెట్టారు. ఆయన అధ్యక్షుడిగా ఉన్న రాజ్యాంగ ముసాయిదా సంఘంలో ఏడుగురు సభ్యులు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభ ముందు పెట్టిన ముసాయిదాలో 315 అధికరణాలు, 8 షెడ్యూళ్ళు. దానికి వచ్చిన సవరణలు సుమారు 7,635, సభలో ప్రతిపాదించినవి 2,473. ఈ లెక్కలు 1949 నవంబరు 25న అంబేద్కరే సభకి చెప్పారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా రాజ్యాంగాలకి పట్టిన కాలంతో పోల్చి, ఆలస్యమన్న మాట నిజం కాదని వాదించారు. కార్టూన్‌కి కుదింపు తప్పదు, ఒప్పుకుంటాను. అయితే ఈ కుదింపులో ఎగిరిపోయింది ఆ 2,473 సవరణల పని.

గీతలవాడు: జనాన్ని కూడా చూడండి. నేపథ్యంలో జనాన్ని పెట్టగానే మధ్యలో ఉన్నవాళ్ళు తమాషా అయిపోతారు. ఆ జనాన్ని చెరిపేసి చూస్తే బొమ్మ ఇద్దరు నాయకుల ఆదుర్దాగా మిగులుతుంది. ఉంచి చూస్తే ఇద్దరి పరువూ బజారున పడుతుంది.

నల్లసిరా: ఇద్దరిదీ అని మీరే అన్నారు. నత్తని కొరడాతో పరిగెత్తించాలనుకునేవాడు కూడా నవ్వులపాలే కాబట్టి నెహ్రూకి వెటకారం తప్పలేదు. జనం విషయంలో మీ మాట సరైందే, నేను దానికి తగినంత బరువు ఇవ్వలేదు. గురి మాత్రం నత్తే అంటాను.

పౌరశాస్త్రం: పాఠంలో వాడినప్పుడు జరిగిన పొరపాటు క్యాప్షన్‌తో మొదలైంది. బొమ్మ కిందే ‘నత్తనడక’ అన్న మాట, మూడేళ్ళు ఎందుకు పట్టిందన్న ప్రశ్న వేశారు. దాంతో పిల్లవాడి కన్ను నత్త దగ్గరే ఆగుతుంది, కొరడాల సంగతి ఎవరూ అడగరు. అడగనిది అర్థం కాకుండా పోదు, మాటల్లోకి రాకుండా లోపలే ఉండిపోతుంది.

తరగతిలో ఈ బొమ్మ తీసుకునేవాళ్ళు క్యాప్షన్ మూసేసి మొదలుపెట్టండి. ‘అనిపిస్తోంది’ అనే మాట రానివ్వకుండా, కనిపించేవన్నీ రాయించండి: ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరి చేతిలో ఏముంది. తర్వాత ఒక్కో కొరడా కొననుంచి పెన్సిల్‌తో గీత పొడిగించి, అది దేన్ని తాకుతుందో చూడమనండి. పిల్లలు ఇక్కడే రెండు జట్లవుతారు, కానివ్వండి. సవరణల లెక్క, ఏడుగురి సంఘం సంగతి ఆ తర్వాతే చెప్పాలి. ముందే చెబితే బొమ్మని చూడ్డం మానేసి టీచరు మొహం చూస్తారు. ఫొటోకాపీ బాగా చిన్నదైతే నత్త మీది అక్షరాలు అలుక్కుపోతాయి, అందుకని కనీసం అర పేజీ సైజులో తీయించండి.

గీతలవాడు: ఆ పెన్సిల్ గీత పని నల్లసిరా గారు కూడా ఒకసారి చేసి, బొమ్మ ఇక్కడ పెట్టాలని కోరుతున్నాను.