‘లింగ నిర్ధారణ’ అనొచ్చా? దవడ ఎముక దగ్గర వచ్చిన పేచీ

మా మేనకోడలు డెంటల్ పీజీ చేస్తోంది. గుర్తుతెలియని అస్థిపంజరం దొరికినప్పుడు కింది దవడ కొలిచి ఆడో మగో చెప్పడం మీద దాని పని. ‘‘మామయ్యా, అమ్మమ్మకి కూడా అర్థమయ్యేలా అరపేజీ తెలుగులో రాసిపెట్టవా’’ అంది. ‘దవడ ఎముకతో లింగ నిర్ధారణ’ అని శీర్షిక పెట్టా. అమ్మ అంతవరకు చదివి కాగితం పక్కన పెట్టేసింది. ‘‘అది చేస్తే జైల్లో వేస్తారు కదరా! స్కానింగ్ సెంటర్లో బోర్డు ఉంటుందిగా.’’

నవ్వొచ్చింది గానీ ఆవిడన్నది నిజమే. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదన్న 1994 చట్టం వచ్చాక ఆ రెండు మాటలూ కడుపులో బిడ్డ పరీక్షకే అతుక్కుపోయాయి. పైగా నిర్ధారణ అంటే తేల్చెయ్యడం. దవడ తేల్చదు, ఎటో ఒకవైపు మొగ్గుతుంది, అంతే. మగవాళ్లలో మామూలుగా దవడ వెడల్పు, వెనక నిలువు భాగం ఎత్తు ఎక్కువ. ఆడవాళ్లలో దవడ మూల కాస్త విప్పారి ఉంటుంది. పళ్లన్నీ ఊడిన ముసలివాళ్లలోనూ ఆ మూల విప్పారుతుంది, ఇక తాతని మామ్మ అనుకునే ప్రమాదం! ఈడు రాని పిల్లల్లో తేడాలు సరిగా తెలియనే తెలియవు. ఒకచోటి జనాన్ని కొలిచి కట్టిన సూత్రం ఇంకోచోట అతకదు. 1996లో లోత్, హెన్నెబర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు, నిలువు భాగం వెనక అంచు దంతాల నమిలే మట్టం దగ్గర వంగి ఉంటే మగ అన్నారు. 99 శాతం సరిపోయిందన్నారు. తర్వాత పరీక్షించినవాళ్లకి అంత రాలేదు. అందుకని నా ఓటు ‘అంచనా’కే.

రెండో పేచీ: ‘గడ్డం చూసి ఆడో మగో చెప్పొచ్చు’ అని రాశా. అమ్మ: ‘‘ఆ మాత్రం దానికి పీజీ ఎందుకురా?’’ చుబుకం అంటే ఆవిడకి ఎక్కదు. ఏం చెయ్యమంటారు?

— ‘గదువ’ అనండి సార్. మా తెలంగాణలో ఇప్పటికీ అదే అంటం. గడ్డం అంటే వెంట్రుకలే. మగవాళ్ల గదువ చదరంగ, ఆడవాళ్లది కొనదేలి ఉంటది అని రాస్తే గొడవే లేదు.

— బాగుంది. దవడ బదులు ‘హనువు’ అనకూడదా? వజ్రం దెబ్బకి ఎడమ హనువు విరిగినందుకేగా హనుమంతుడయ్యాడు.

— పేరు వరకు బాగుంది గానీ వాడుకలో లేదండీ. అలాగని ఒట్టి దవడా చాలదు. ‘దవడ పగులుద్ది’ అంటే మావైపు చెంపే. ‘కింది దవడ ఎముక’ అని మూడు మాటలూ రాయాల్సిందే.

గదువ ఖాయం చేశా, థాంక్స్. మరి ఆ వెనక నిలువు భాగానికి? లాటిన్లో దాని పేరు రేమస్, అంటే కొమ్మ. ‘దవడ కొమ్మ’ అందామా?

— మాస్టారూ, కావ్యాల్లో ‘కొమ్మ’ అంటే ఆడది. ‘కొమ్మ పొడుగైతే మగ’ అని రాస్తారా ఏంటి?

చచ్చాం. ‘నిలువు భాగం’ అనే ఉంచేస్తున్నా.