అప్‌డేట్: బ్రాకెటింగ్ పెట్టినా ఒక్క ఫొటోనే పడటం

బ్రాకెటింగ్ (ఏఈబీ) అంటే ఒకే దృశ్యాన్ని మామూలుగా, చీకటిగా, వెలుగుగా మూడు ఫొటోలు తీయడం; తర్వాత వాటిని ఒకటిగా కలుపుతాం. నా కెనాన్ 1500డి కెమెరాలో ఏఈబీ ±2 స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు లేదా సగం) పెట్టినా, నొక్కితే ఒక్క ఫొటోనే పడుతోందని ఇంతకుముందు అడిగాను. కారణం దొరికింది: డ్రైవ్ మోడ్, అంటే బటన్ నొక్కితే ఫొటోలు ఎలా పడాలో చెప్పే సెట్టింగ్. సింగిల్‌లో ఉంటే బటన్ మూడుసార్లు నొక్కాలి. కంటిన్యువస్‌లో మూడూ పడేదాకా నొక్కి పట్టుకోవాలి. ట్రైపాడ్ మీదైతే 2 సెకన్ల సెల్ఫ్ టైమరే మేలు. ఒక్కసారి నొక్కితే మూడూ వరసగా పడతాయి, కెమెరా కదలదు.

కిటికీ ఉన్న గదికి ఏవీ మోడ్ (లెన్స్ రంధ్రం సైజు చెప్పే ఎఫ్ నంబర్ మనం పెడితే, షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది), ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుగుకు సున్నితత్వం) 100 సరిపోయాయి. షట్టర్ వేగం ముందు మామూలుది 1/60 సెకను, తర్వాత చీకటిది 1/250, చివర వెలుగుది 1/15. ఎఫ్ నంబర్ మారకూడదు, షట్టరే మారాలి. లేకపోతే మూడింటిలో ఫోకస్ లోతు వేరువేరుగా వచ్చి కలిపినప్పుడు అంచులు చెడతాయి. ఐఎస్ఓని, వైట్ బ్యాలెన్స్‌ని (రంగుల సెట్టింగ్) ఆటోలో వదలొద్దు.

ఇంకో చిక్కు, ఇది తొందరగా తట్టదు: జేపెగ్‌లో ఆటో లైటింగ్ ఆప్టిమైజర్ ఆన్‌లో ఉంటే చీకటి ఫొటోను కెమెరాయే వెలిగించేస్తుంది, తేడా తగ్గిపోవచ్చు. దాన్ని ఆపేయండి, లేదా జేపెగ్ బదులు రా (RAW) ఫైల్‌గా తీయండి.

ఫ్లాష్ లేచి చార్జ్ అయినా, కెమెరా ఆఫ్ చేసినా ఏఈబీ రద్దవుతుంది. మళ్లీ పెట్టుకోవాల్సిందే. ఫ్యాన్ తిరుగుతుంటే మాత్రం ఆపి తీయండి; కలిపాక రెక్కలు దెయ్యాల్లా వస్తాయి.