‘మీల్ మండే’: భోజనమా, పిండా?

స్కాట్లాండ్‌లోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో విక్టోరియా రాణి కాలపు విద్యార్థుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ 1877లో డాక్టర్ ఆఫ్ సైన్స్ (డీఎస్సీ) పట్టా పుచ్చుకున్నది అక్కడే. తర్వాత హైదరాబాదు వచ్చి నిజాం కళాశాలకు పునాది వేశారు. అందుకే ఈ పని నెత్తికెత్తుకున్నాను. ఫిబ్రవరిలో అక్కడి విద్యార్థులకు ‘మీల్ మండే’ అని ఒక సెలవు ఉండేదట. ‘భోజనాల సోమవారం’ అని రాశాను. సరిపోతుందా?

—

సరిపోదండీ. ఆ పేరు వింటే విస్తళ్లు, వడ్డనలు కళ్లముందు కదులుతాయి. అక్కడ జరిగింది దానికి పూర్తిగా ఎదురు. ఆర్ట్స్ తరగతులు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, చలికాలమంతా నడిచేవి. హాస్టళ్లు దాదాపు లేవు, ఊళ్లో అద్దె గదులే గతి. పేద రైతుబిడ్డ ఇంటి నుంచి మూటగట్టుకొచ్చిన ఓట్స్ పిండితో జావ తాగుతూ నెట్టుకొచ్చేవాడు. ఫిబ్రవరికి సంచి అడుగంటేది. ఇంటికి వెళ్లి దాన్ని నింపుకు రావడానికే ఆ సోమవారం సెలవు అని చెబుతారు.

చిక్కంతా ఇంగ్లీషులో ఒకే రూపంలో ఉన్న రెండు మాటల వల్ల వచ్చింది. పిండి అనే ‘మీల్’కు మూలార్థం విసరడం, ‘మిల్లు’ దానికి దాయాది. భోజనం అనే ‘మీల్’కు పాత ఇంగ్లీషులో అర్థం కొలత, నియమిత వేళ. వేళ పేరే తిండి పేరైంది. మన ‘పూట’ చేసిందీ ఇదే పని కదా! ‘పూట గడవడం లేదు’ అని ఎవరైనా అంటే గడియారం ఆగిందనుకోము. మీకు కావలసిన మాట తిరగలి వైపుది, పూట వైపుది కాదు.

—

‘వారాల సోమవారం’ అంటే? మనవాళ్లూ వారాలు చేసుకుని చదువుకున్నవారే.

—

ఊరించే మాటే, కానీ ఒప్పుకోను. వారాలబ్బాయి రోజుకో ఇంట తినేవాడు, అది పరుల అన్నం. ఆ కుర్రవాడిది సొంత ఇంటి గింజ. ఊరి నుంచి బియ్యం మూట తెచ్చుకుని గదిలో వండుకున్న మన విద్యార్థి అతనికి దగ్గరి చుట్టం.

—

ఓట్స్‌ను అక్కడ బరకగా కూడా విసురుతారు. ‘రవ్వ’ అనాలేమో?

—

అంటే చదివేవారికి ఉప్మా గుర్తొస్తుంది. ‘పిండి సోమవారం’ అని పెట్టి, మొదటిసారి వచ్చిన చోట ఒక వాక్యం వివరణ ఇవ్వండి. ‘ఓట్స్’ను మాత్రం ‘ఓట్లు’ చేయకండి. అక్కడి విద్యార్థులు 1859లో, తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్‌ను ఓట్లు వేసి రెక్టరుగా ఎన్నుకున్నారు. ఆ సంగతి కూడా మీ వ్యాసంలో ఉంటే, ఏ ఓట్లు తిన్నారో ఏ ఓట్లు వేశారో తెలియకుండా పోతుంది.

—

‘పిండి సోమవారం’ ఖాయం చేశాను. ఇల్లు బెంగాల్లో ఉన్న అఘోరనాథ్ లాంటివాడు ఆ రోజు సంచి పట్టుకుని ఎక్కడికి వెళ్తాడు? ఆ ప్రశ్న కూడా వ్యాసంలో పెడుతున్నాను.