హైదరాబాద్ నుంచి వైజాగ్: కిటికీ సీటు ఏ వైపు తీసుకోవాలి?

సికింద్రాబాద్_సీను:
అందరికీ నమస్తే. డిసెంబర్‌లో మా అమ్మను విమానంలో వైజాగ్ తీసుకెళ్తున్నా. పొద్దున ఏడింటి ఫ్లైట్. విమానం ఎక్కడం అమ్మకు ఇదే మొదటిసారి, పైనుంచి గోదావరి చూడాలని ఒకటే కోరిక. సీట్ల మ్యాప్ తెరిస్తే ‘ఏ’ ఒక చివర, ‘ఎఫ్’ ఇంకో చివర. కిటికీకి విడిగా డబ్బు కట్టి, తీరా నది అవతలి పక్క కనిపిస్తే అమ్మ నన్ను బతకనివ్వదు. చెప్పండి బాబూ.

కొత్తవలస_కుర్రాడు:
ఎఫ్ తీసుకోండి, కుడిచేతి వైపు. మీరు వెళ్లేది తూర్పుకి కాబట్టి కుడి అంటే దక్షిణం. నేరుగా వెళ్తే భద్రాచలం దాటాక కూనవరం దగ్గర్లో నది మీదుగా పోతుంది. అక్కణ్నుంచి పాపికొండలు, పోలవరం, రాజమండ్రి అన్నీ కుడివైపే. బయల్దేరిన అరగంట నుంచి కళ్లు కిందే ఉంచండి. తినడానికేమైనా కొనాలంటే అంతకుముందే కొనేయండి, ఆ కాస్తసేపట్లోనే నది వెళ్లిపోతుంది.

రెక్క_మీద_నేను:
వైపు ఒక్కటే చూస్తే చాలదు, వరస కూడా చూడాలి. నాకీ పేరు ఊరికే రాలేదు. 2019లో గోవా వెళ్తూ 14ఎఫ్ తీసుకుని ప్రయాణమంతా రెక్కకేసి చూస్తూ కూర్చున్నా. ఎయిర్‌బస్ 320లో సుమారు 9 నుంచి 20వ వరస దాకా కిటికీ కింద రెక్కే ఉంటుంది. 7 లోపు గానీ, 24 దాటాక గానీ తీసుకోండి. నన్నడిగితే ముందే మేలు. వెనక కూర్చుంటే ఇంజిన్ వదిలే వేడిగాలి అడ్డొచ్చి, మే నెలలో తారురోడ్డు మీద కనిపించినట్టు దృశ్యమంతా అల్లల్లాడుతుంది, ఫోటోలు మసకేస్తాయి.

రెక్కలకి పంకాలుండే చిన్న ఏటీఆర్ విమానమైతే ఈ గొడవే లేదు, దాని రెక్క కిటికీల పైన ఉంటుంది. బోయింగ్ 737 అయితే జాగ్రత్త. ఏసీ గాలి గొట్టాలు గోడలోంచి పైకి వెళ్లే చోట, రెక్కకు కాస్త ముందు ఎడమవైపు ఒక వరసకి కిటికీయే ఉండకపోవచ్చు. మ్యాప్‌లో మాత్రం అది కిటికీ సీటే!

డల్లాస్_పిన్ని:
అన్నీ చెప్పారు, ఎండ సంగతి మర్చిపోయారు. డిసెంబర్‌లో సూర్యుడు ఆగ్నేయంగా పొడుస్తాడు. తూర్పుకి పోయే విమానంలో కుడివైపు కూర్చుంటే ఎండ మొహం మీదే. పెద్దావిడ కళ్లు చికిలించుకుని ఏం చూస్తారు? నేనైతే ఎడమవైపు తీసుకుంటా. ఎండకు ఎదురు పక్కన ఉంటే మబ్బుల మీద మన విమానం నీడ, దాని చుట్టూ గుండ్రంగా రంగుల వలయం కనిపిస్తాయి.

అమెరికా నుంచి యూరప్ మీదుగా రాత్రిపూట వచ్చేటప్పుడు కూడా నాది ఎడమే, అటు ఉత్తరం కదా. ఒకసారి ధ్రువకాంతి, అదే ఉత్తరాన రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగు, కనిపించింది. దుప్పటి తలమీద కప్పుకుని కిటికీకి అతుక్కుపోయా, పక్కాయన నాకు ఒంట్లో బాలేదనుకున్నాడు.

కొత్తవలస_కుర్రాడు:
పిన్నిగారూ, నిజమే, కానీ ఆవిడ అడిగింది గోదావరి! చలువ కళ్లద్దాలు పెట్టించండి సీనుగారూ. వైజాగ్‌లో చాలాసార్లు సముద్రం మీదికి వెళ్లి, వెనక్కి తిరిగి దిగుతుంది. అప్పుడు బీచ్ రోడ్డు, కైలాసగిరి కుడివైపు. డాల్ఫిన్స్ నోస్ కొండ ఎడమవైపు. గాలిని బట్టి ఇది మారొచ్చు. దిగేటప్పుడు ఫోన్ మాత్రం లోపల పెట్టేయండి. ఆ ఎయిర్‌పోర్టు ఉన్నది నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో, ఫోటోలు తీయనివ్వరు.

కొండలపిచ్చి:
సందట్లో సడేమియా. ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రా (డార్జిలింగ్‌కి దగ్గరి ఎయిర్‌పోర్టు) వెళ్లేవాళ్లు ఎడమ, వచ్చేటప్పుడు కుడి. హిమాలయాలు ఆ పక్కే.

సికింద్రాబాద్_సీను:
వెళ్లొచ్చాం. 5ఎఫ్. పిన్నిగారు చెప్పినట్టే ఎండ దంచింది. మా వరసలో మూడో ఆయన షట్టర్ వేయమని రెండుసార్లు అడిగాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది గానీ వేయనివ్వలేదు. అయితే ఒకటి, ఆ ఎండ వల్లే నది దొరికింది. కిందంతా పొగమంచు. నీళ్ల మీద ఎండ పడి ఒక్కసారిగా తళుక్కుమనేసరికి వంపులన్నీ తెలిశాయి.

అమ్మ చప్పున చేతిసంచీలోంచి రూపాయి బిళ్ల తీసి, “ఈ కిటికీ తెరుచుకోదురా?” అంది. వచ్చేటప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రాజమండ్రి వంతెన మీద, చీకట్లో, ఆ బిళ్ల వేసింది.