డ్రైవ్‌వేకి నిషేధించిన కోల్ టార్ సీలెంట్ వేశారు, ఎలా నిరూపించాలి?

మాది అమెరికాలోని మిన్నెసోటా. ఇక్కడ కోల్ టార్ సీలెంట్ (బొగ్గు తారుతో చేసే నల్లటి రక్షణ పూత) అమ్మకం, వాడకం రెండూ 2014 జనవరి 1 నుంచి నిషేధం. అయినా తొమ్మిది రోజుల క్రితం ఒక కాంట్రాక్టర్ మా డ్రైవ్‌వేకి వేసిన పూత ఇంకా కలరా ఉండల వాసన కొడుతోంది. ఎండెక్కితే మరీ ఎక్కువ.

లేబుల్ ఫోటో, సేఫ్టీ షీట్ (అందులో ఏముందో చెప్పే కాగితం) మూడుసార్లు అడిగాను. "ఆస్ఫాల్టేనండీ" (అంటే పెట్రోలియం తారు రకం) అంటాడు తప్ప ఏదీ పంపలేదు. బిల్లులో "సీల్‌కోట్" అని ఒక్క ముక్కే ఉంది.

చివరికి నేనే చాకుతో గోరంత పెచ్చు గీకి, గాజు సీసాలో మినరల్ స్పిరిట్స్ (పెయింట్ థిన్నర్) పోసి అరగంట నానబెట్టాను. ఆస్ఫాల్ట్ అయితే కాఫీ డికాక్షన్‌లా నల్లబడాలి. రెండుసార్లూ పల్చటి టీ రంగే వచ్చింది.

కోల్ టార్ రకంలో క్యాన్సర్ కారక పీఏహెచ్‌లు (పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లనే రసాయనాలు) ఆస్ఫాల్ట్ రకంకంటే దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ. అది అరిగి దుమ్మై ఇంట్లోకి వస్తుంది, వాన నీళ్లతో చెరువులోకి పోతుంది. పాప అక్కడే చెప్పుల్లేకుండా ఆడేది, అందుకే టెన్షన్.

ల్యాబ్ రిపోర్టు లేకుండా, ఈ సీసా పరీక్ష ఫోటోలతోనే రాష్ట్ర కాలుష్య నియంత్రణ విభాగానికి ఫిర్యాదు చేసి, కాంట్రాక్టర్ చేతే పూత తీయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?