తెలుగు మాట్లాడితే ఫైన్ వేస్తే పిల్లలు ఇంగ్లీష్ మాట్లాడతారా?

హన్మకొండ లెక్చరర్:
మా డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ క్లాసులో తెలుగు మాట వినపడితే పది రూపాయల ఫైన్ వేద్దామంటున్నారు. పిల్లలకు మోటివేషన్ లేదు, అందుకే నోరు విప్పరని వాళ్ల వాదన. మీరేమంటారు?

పరకాల నాన్న:
వేయాల్సిందే మేడమ్. మా వాడు ఇంటర్. 2023-24 నుంచి ఇంటర్ ఇంగ్లీష్‌లో 20 మార్కులు ప్రాక్టికల్స్‌కే కేటాయించారు. రేపు మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం రావాలన్నా ఇంటర్వ్యూ గట్టెక్కాలి. బలవంతం చేయకపోతే వాడు ఒక్క వాక్యం మాట్లాడడు. ఈత రావాలంటే బావిలోకి తోయాలి.

జనగామ టీచర్:
అన్నా, మీ బాధ న్యాయమే. కానీ బెండు కట్టకుండా ఎవరం తోయం కదా.

మోటివేషన్ లేదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. పొద్దంతా కాలేజీలో కూర్చుని, సాయంత్రం ఫీజు కట్టి స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులకు వెళ్లే పిల్లలకు కోరిక లేదని ఎట్లా అంటాం? నేర్చుకోవాలని ఉండటం వేరు, ఆ నిమిషంలో నోరు తెరవగలగడం వేరు. 1998లో మెకింటైర్, క్లెమెంట్, డోర్న్యే, నోయెల్స్ అనే పరిశోధకులు ఈ విషయాన్నే ఆరు అంతస్తుల పిరమిడ్‌గా చూపించారు. పై అంతస్తు భాషను వాడటం, దాని కిందిది మాట్లాడటానికి సిద్ధపడటం. ఆ సిద్ధపాటుకు సరిగ్గా కింద ఉన్నవి రెండే: ఎదురుగా ఉన్న ఈ మనిషితో మాట్లాడాలనే కోరిక, ఇప్పుడు మాట్లాడగలననే ధైర్యం. మోటివేషన్ వాటికి ఇంకో మెట్టు కింద ఉంటుంది.

మా క్లాసులో ఒక అమ్మాయి వ్యాసం రాస్తే తప్పు వెతకడం కష్టం. లేపి ప్రశ్న అడిగితే ముందుగా వెనక బెంచీ వైపు చూస్తుంది. ఒకరోజు "యెస్టర్‌డే ఐ యామ్ వెంట్" అని మొదలుపెట్టిందో లేదో, వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుండిపోయింది. ఆ వారమంతా మళ్లీ లేవలేదు. ఇట్లాంటి పిల్లకు ఫైన్ పెడితే తెలుగూ మాట్లాడదు, ఇంగ్లీషూ మాట్లాడదు. మౌనంగా కూర్చుంటే ఫైన్ పడదు కాబట్టి అదే నేర్చుకుంటుంది.

ములుగు స్టూడెంట్:
నవ్వేది ఫ్రెండ్సే, కానీ వాక్యం మధ్యలో ఆపి గ్రామర్ సరిచేసేది సార్లు. నాకు దాంతోనే ఎక్కువ టెన్షన్. రామప్ప గుడి దగ్గర ఒక విదేశీ జంట బస్సు గురించి అడిగితే వచ్చిన ఇంగ్లీష్‌లోనే చెప్పేశాను. వాళ్లకు కావాల్సింది బస్సు, నా గ్రామర్ కాదు. క్లాసులో మాత్రం అదే నోరు రాదు.

పరకాల నాన్న:
అంతా బాగానే ఉంది టీచర్. ఇంటర్వ్యూలో అట్లా జాలి చూపించరు కదా? అప్పుడేం చేస్తాడు?

జనగామ టీచర్:
చూపించరు. అందుకే అక్కడికి మెట్లు కట్టాలి. ముందు పక్కనున్న ఫ్రెండ్‌తో రెండు నిమిషాలు, తర్వాత నలుగురిలో, ఆ తర్వాతే క్లాసు ముందు. ఏం చెప్పాలో తెలుగులో అనుకోనివ్వాలి. మాట్లాడేటప్పుడు ఆపొద్దు. పదిమంది చేసే తప్పులు చివర్లో పేర్లు లేకుండా బోర్డు మీద రాస్తే చాలు. తప్పు మాట్లాడినవాళ్లను చూసి నవ్వడం మాత్రం మొదటి రోజే ఆపించాలి, ఇందులో మెతకదనం పనికిరాదు.

హన్మకొండ మేడమ్, మీ స్టాఫ్ మీటింగులో ఒక సెమిస్టర్ పాటు ప్రతి పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు దీనికి అడగండి. ఫైన్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకోమనండి.